సెరైకి ఏ మండలంలోకి వస్తుంది

కొత్తగా డిగ్రీ కాలేజీల్లో చేరిన లెక్చరర్లు అప్పుడప్పుడు ఫోన్ చేసి, "సార్, పిల్లల డిబేట్‌కి ఏ గొడవా రాని అంశం ఒకటి చెప్పండి" అని అడుగుతుంటారు. గొడవ రాని అంశాలు వెతకడంలో నాకు చెయ్యి తిరిగిందని జిల్లాలో ఒక పేరుంది. ఆ పేరు ఎలా వచ్చిందో తెలిస్తే అడగడం మానేస్తారు. అందుకని రాస్తున్నాను.

నేను రాజనీతి శాస్త్రం చెప్పేవాణ్ణి. విజయనగరం జిల్లాలో ఒక ఎయిడెడ్ కాలేజీ. సాలూరు వైపు నుంచి బస్సుల్లోనూ, శృంగవరపుకోట, కొత్తవలసల నుంచి రైల్లోనూ పిల్లలు వచ్చేవారు. హాస్టల్లో మటుకు శ్రీకాకుళం పిల్లలదే రాజ్యం. మా సబ్జెక్టుకు వచ్చేవాళ్లలో కొందరు పోటీ పరీక్షలకని వచ్చేవారు, ఎక్కువమంది ఇంకెక్కడా సీటు రాక వచ్చేవారు. వచ్చినవాళ్లకు రాజ్యాంగం చెప్పేవాణ్ణి. వాళ్లు శ్రద్ధగా కిటికీలోంచి బయటికి చూసేవారు.

కాలేజీకి ఒక కమిటీ, కమిటీకి ఒక అధ్యక్షుడు. ఆయన పూర్వం ప్రజాప్రతినిధి. మళ్లీ అవుదామని గట్టి ఆశ. రాజధాని ఒకటి ఉండాలా మూడు ఉండాలా అని రాష్ట్రమంతా వాదించుకుంటున్న రోజులవి. ఆయన ఏ ఊళ్లో మైకు పట్టుకుంటే ఆ ఊరికి నచ్చిన సంఖ్య చెప్పేవారు. మా టీ కొట్ల దగ్గరైతే ఇంకో మాట నడిచేది: ఈ గోలంతా ఎందుకు, ఉత్తరాంధ్రను ఒక రాష్ట్రం చేసేస్తే పోలేదా అని. టీ చల్లారేలోపు రాష్ట్రం ఏర్పడిపోయేది. గ్లాసు కడిగేలోపు రద్దయ్యేది.

ఏటా కాలేజీ వార్షికోత్సవానికి ముందు డిబేట్ పోటీ ఉంటుంది. అంశం ఎంచడం నా పని. అంతకుముందు ఏడాది 'నీటి పొదుపు' అని పెట్టాను. ఇంతకంటే సాధువైన అంశం ఉంటుందా? ఒక కుర్రవాడు లేచి, మన జలాశయంలో నీళ్లు మన పొలాలకు రాకుండా నగరానికి పోతుంటే ఇంక మేం పొదుపు చేసేదేటని అడిగాడు. ముఖ్య అతిథి నీటిపారుదల శాఖ ఇంజనీరు. ఆయన కాఫీ తాగకుండానే వెళ్లిపోయారు.

కాబట్టి ఈసారి ప్రిన్సిపాల్ గారు నన్ను గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"మేష్టారూ, ఈ ఏడు మన దేశం జోలికే ఎల్లకండి."

"వెళ్లను సార్. సెరైకి ప్రావిన్సు అని పెడతాను."

"అదెక్కడున్నాది?"

"పాకిస్తాన్లో."

ఆయన కుర్చీలో కొంచెం వెనక్కి జరిగారు. "పాకిస్తానంటే నా మీద కేసవుతాది. పెన్షనాగిపోతాది."

నేను విడమరిచి చెప్పాను. పాకిస్తాన్లో జనాభా లెక్కన పంజాబ్ అన్నిటికంటే పెద్ద ప్రావిన్సు, అంటే మన రాష్ట్రం లాంటిది. దాని దక్షిణ భాగంలో ముల్తాన్, బహావల్‌పూర్ వైపు జనం మాట్లాడే భాష సెరైకి. పత్తి వాళ్లు పండిస్తారు, మామిడి వాళ్లు పండిస్తారు, పెత్తనం మాత్రం రాజధాని లాహోరుది. మాకు వేరే ప్రావిన్సు కావాలని వాళ్లు చాలా కాలంగా అడుగుతున్నారు. ఎన్నికల ముందు పార్టీలు ఇస్తామంటాయి. ఎన్నికలయ్యాక తీరిక ఉండదు. మనకు వీసా కూడా దొరకని చోటు. అక్కడి సంగతి మాట్లాడితే ఇక్కడ ఎవరికి నొప్పి?

ప్రిన్సిపాల్ గారు ఆఖరికి ఒప్పుకున్నారు. ఫ్లెక్సీ మీద మాత్రం ఆ దేశం పేరు వద్దన్నారు. 'ఒక పొరుగుదేశంలో ప్రాంతీయ అసమతుల్యత – వాదోపవాదాలు' అని వేయించాం. ఫ్లెక్సీ కుర్రవాడు అలవాటు కొద్దీ కింద అధ్యక్షుడు గారి నవ్వు ముఖం పెద్దది అచ్చు వేశాడు. అసమతుల్యతకు ఆయనే సమర్పకుడన్నట్టు ఉంది. తీయించడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

పిల్లల్ని తయారు చేసే పని మా గెస్ట్ లెక్చరర్ మీద పడింది. గెస్టు అంటే అతిథి. మామూలుగా అతిథికి మర్యాదలు చేస్తాం. మా కాలేజీల్లో అతిథికి మిగతావాళ్లందరి పనీ అప్పజెబుతాం. ఆవిడది శ్రీకాకుళం అవతల ఒక పల్లె. తండ్రి బాప్టిస్టు చర్చిలో కీర్తనలు ఎత్తుకునే మనిషి. ఆ గొంతు ఆవిడకు వచ్చింది. డాక్టరేటు కూడా ఉంది, నాకు లేనిది. నాకున్నది పర్మనెంటు పోస్టు, ఆవిడకు లేనిది. ప్రతి వేసవిలో ఆవిడ ఉద్యోగం ఆగిపోతుంది. కాలేజీలు తెరిచేటప్పుడు అధ్యక్షుడు గారు సంతకం పెడితే మళ్లీ మొదలవుతుంది. పెట్టకపోతే లేదు. భర్త లేడు, తల్లి మంచంలో ఉంది, కూతురు ఇంటర్ చదువుతోంది. సంతకం పెట్టే చేతిని ఆవిడ గౌరవంగా చూడడానికి ఈ కారణాలు చాలు. ఆ ఏడాది ఇద్దరు గెస్టుల్లో ఒకర్నే ఉంచుతారని మాట కూడా పుట్టింది.

నేనిచ్చిన కాగితాలు చదివి ఒకరోజు స్టాఫ్ రూంలోకి వచ్చింది.

"సార్, ఇది మనదే కదా?"

"ఏది మనది?"

"ఆళ్ల బాస బాస కాదంతన్నారు, వట్టి పల్లెటూరి యాసంతన్నారు. ఆళ్ల పెద్దోళ్లు పదవుల్లోకి ఎల్లిపోయి లాహోర్లో ఉండిపోతన్నారు. పనికోసం కుర్రోళ్లు ఊళ్లొగ్గీసి పోతన్నారు. ఊరి పేరొక్కటే మార్చినారు సార్ మీరు."

"చాలా తేడాలున్నాయమ్మా. అక్కడ మామిడిపళ్లు ఎగుమతవుతాయి."

ఆవిడ నవ్వలేదు. "పిల్లలకి కూడా అర్థమైపోతాది సార్" అంది.

"మనం చెప్పేది ఇన్నాళ్లూ అర్థం కాలేదు కదా, ఈ ఒక్కసారికి ఎందుకవుతుంది?" అన్నాను. ముప్పై ఏళ్లకు దగ్గరపడిన సర్వీసు మీద నాకు అంత నమ్మకం.

పోటీ రోజున స్పెషల్ బ్రాంచి కానిస్టేబులు మఫ్టీలో వచ్చాడు. మఫ్టీ అంటే పోలీసు బూట్లు, పోలీసు బెల్టు, మామూలు చొక్కా. నా పక్కన కూర్చుని పుస్తకం తీశాడు.

"సార్, ఈ సెరైకి ఏ మండలంలోకి వస్తాది?"

"మన జిల్లా కాదండి."

"కొత్త జిల్లాల్లో కలిసిపోనాదా?"

"పాకిస్తాన్లో ఉంది."

అతను రాయడం ఆపి నా ముఖం చూశాడు. తర్వాత పుస్తకం మూసి, "నానివాళ సెలవులో ఉన్నానని రాసుకుంతాను సార్" అని మజ్జిగ ఇచ్చే వైపు వెళ్లాడు. ఆ రోజు హాల్లో రాజకీయ పరిజ్ఞానం ఉన్న మనిషి అతనొక్కడే అని తర్వాత తెలిసింది.

అధ్యక్షుడు గారు వచ్చారు. శాలువాలు కప్పారు. వేదిక మీద కుర్చీల్లో శ్రీకాకుళం పెద్దమనిషి ఒకరు, విజయనగరం పెద్దమనిషి ఒకరు అటూ ఇటూ ఉండేలా ప్రిన్సిపాల్ గారు జాగ్రత్తపడ్డారు. ప్రాంతీయ సమతుల్యత మీద మా కాలేజీకున్న ఆచరణాత్మక జ్ఞానం అంతా కుర్చీల్లోనే కనిపిస్తుంది.

మొదట మాట్లాడింది సాలూరు నుంచి వచ్చే పిల్ల. ఫైనలియరు. తండ్రి లారీ డ్రైవరు. కాగితం చేతిలో ఉంది గానీ దాని వంక చూడలేదు.

"అక్కడోళ్లు ఇంట్లో మాటాడుకునే బాస సెరైకి. లాహోరోళ్లు అదొక బాసేటి, మోటు పంజాబీ అంతారు. ఎగతాళి సేస్తారు. మాటే మోటంటే మనిషి మోటని ముందే అనేసినట్టు కదా."

హాలు కొంచెం సర్దుకుని కూర్చుంది. మన యాస సినిమాల్లో వంటవాళ్లకూ వాచ్‌మన్లకూ మాత్రమే ఉంటుందని తెలిసిన పిల్లలు వాళ్లు.

"ఆళ్లకి నాయకులు లేరా అంటే ఉన్నారు. ప్రధానమంత్రి పదవి కాడికి ఎల్లినోళ్లున్నారు. ముఖ్యమంత్రులైనోళ్లున్నారు. ఓట్లప్పుడొచ్చి, నాను మీ ఊరి మట్టినే అంతారు. గెలిచినాక లాహోర్లో ఇల్లు కట్టుకుంతారు. మట్టి ఇక్కడే ఉండిపోతాది."

చప్పట్లు పడ్డాయి. వెనక వరుసలోంచి ఒక గొంతు, చాలా అమాయకంగా, "లాహోర్లో బీచుంతాదేటి?" అని అడిగింది.

విశాఖలో సముద్రానికి ఎదురుగా అధ్యక్షుడు గారి ఇల్లు ఉందని హాల్లో అందరికీ తెలుసు. మాట్లాడుతున్న సాలూరు పిల్లకు తెలియదని నేను నమ్ముతాను. గట్టిగా కాదు. హాలంతా ఒక్కసారి వేదిక మీదికి చూసింది. ఫ్లెక్సీ మీద ఆయన నవ్వుతున్నారు. కింద కుర్చీలో నవ్వడం లేదు.

తర్వాత ఎదురు పక్షం కుర్రవాడు లేచి అందంగానే వాదించాడు. అక్కడి ఎగువ సభలో ప్రతి ప్రావిన్సుకూ సమానంగా సీట్లుంటాయి, పంజాబ్ రెండైతే ఆ లెక్క మారిపోతుంది, చిన్న ప్రావిన్సులు ఒప్పుకోవాలి కదా, మొత్తం దేశంలో తూకం చెడుతుంది అన్నాడు. మంచి పాయింటు. కానీ ఎవరూ వినలేదు. హాలు అప్పటికే ఆ దేశం నుంచి తిరిగి వచ్చేసింది. "మరి మన తూకం ఎవుడు సూస్తాడ్రా?" అని ఒకడు అరిచాడు. "ఉత్తరాంధ్ర రాష్ట్రం ఇచ్చీమను, అప్పుడు సూసుకుందుం" అన్నాడు ఇంకొకడు. బల్లలు మోగడం మొదలైంది. సాలూరు వాళ్లు, శృంగవరపుకోట వాళ్లు, హాస్టలు వాళ్లు ఏకంగా ఒక తాళంలో కొడుతున్నారు. నా సర్వీసులో ఆ ముగ్గురూ ఏ విషయంలోనైనా కలిసి ఉండగా చూడడం అదే మొదలు. నాకు కాస్త గర్వం కలిగిందంటే నమ్మండి.

అధ్యక్షుడు గారు ప్రిన్సిపాల్ వైపు వంగారు. మైకు ఆపలేదని ఇద్దరూ మర్చిపోయారు.

"ఈ పిల్లకి ఇయ్యన్నీ ఎవులు నేర్పినారు?"

ప్రిన్సిపాల్ గారు నిజాయితీపరుడు. వేలితో గెస్ట్ లెక్చరర్ని చూపించారు.

"ఏటమ్మా, మన కాలేజీలోనే ఉన్నావా నువ్వు? నీ రెన్యువల్ పేపరు జూన్లో నా కాడికే వస్తాది కదా?"

ఆయన గొంతు పెంచలేదు. పెంచాల్సిన అవసరం మైకు తీర్చింది. ఆవిడ మెట్ల పక్కన పిల్లల పేర్లు పిలవడానికి నిలబడి ఉంది. చేతిలో గంట.

నేను లేచాను. "అంశం ఎంచింది నేను సార్. కాగితాలు ఇచ్చిందీ నేనే."

ఆయన నన్ను ఆప్యాయంగా చూశారు. "మేష్టారూ, మీకింకెంత సర్వీసున్నాది?"

"కొద్దిగానే ఉందండి."

"అయితే కూకోండి."

కూర్చున్నాను. పర్మనెంటు ఉద్యోగి చేసే త్యాగానికి మార్కెట్లో విలువ లేదని అప్పుడు అర్థమైంది.

హాలు ఇంకా మోగుతోంది. ఆవిడ గంట బల్ల మీద పెట్టి మైకు దగ్గరికి వచ్చింది. అదుపు చేస్తుందనుకున్నాను. చర్చి గొంతు కదా, అరవనక్కర్లేదు.

"బాగున్నాది. ఒక్క ప్రశ్న. ప్రావిన్సు ఇచ్చీసినారనుకోండి. రాజధాని ఎక్కడ?"

బల్లలు ఆగాయి.

"ముల్తానోళ్లు ముల్తానంతారు. బహావల్‌పూరోళ్లు, మాది ఒకప్పుడు రాజ్యం, మా రాజ్యం మాకియ్యండంతారు. గొడవ తెగక ప్రభుత్వం సచివాలయాన్ని రెండు ముక్కలు సేసి, రెండూళ్లలోనూ పెట్టింది. ప్రావిన్సు మటుకు రాలేదు." పిల్లల వైపు తిరిగింది. "అక్కడి సంగతొగ్గియ్యండి. మీరు బల్లలు కొడతన్నారు కదా, మీకు ఇచ్చీసినారనుకోండి. మీది ఎక్కడ?"

"విజయనగరం" అన్నారు మధ్య వరుసల్లో, వేరే ఊరు ఒకటి ఉంటుందా అన్నట్టు.

"కోటలూ గుర్రాలూ ఉంటే రాజధానైపోతాదేటి? శ్రీకాకుళం" అన్నారు హాస్టలు వాళ్లు.

"విశాఖొగ్గీసి ఈటిని ఎవుడు సూస్తాడ్రా?" అన్నాడు కొత్తవలస రైలు కుర్రవాడు. వాడికి విశాఖ పాస్ ఉంది.

"ఒరే, ఎటు పెట్టినా మా సాలూరుకి దూరమే. మాకు పార్వతీపురం సాలు, మీ రాష్ట్రం మీరే ఉంచుకోండి."

"మీరెల్లి ఒడిశాలో కలిసిపోండి."

"నీయబ్బ, ఎవుణ్ణిరా ఒడిశా అంతన్నావు?"

అక్కడి నుంచి నేను రాయను. ఒక కుర్చీ కాలు విరిగింది. ఉత్తరాంధ్ర రాష్ట్రం మా ఆడిటోరియంలో పావుగంట కూడా బతకలేదు.

అధ్యక్షుడు గారి ముఖం చూసి తీరాల్సింది. ముందు ఆశ్చర్యం, తర్వాత ఒక రకమైన కృతజ్ఞత. లేచి మైకు అందుకున్నారు. "మనమందరం ఒక్కటే. సోదరుల్లాగ ఉండాలి" అని రెండు మాటలన్నారు. ఆ రెండు మాటలు అరగంట సాగాయి. ఫ్లెక్సీ ముఖమూ అసలు ముఖమూ మళ్లీ ఒకటయ్యాయి. మొదటి బహుమతి ఎదురు పక్షం కుర్రవాడికి ఇచ్చారు. వాడు ఏం మాట్లాడాడో వాడికి కూడా గుర్తులేదు.

తర్వాత స్టాఫ్ రూంలోకి వెళ్తే ఆవిడ ఒక్కతే కూర్చుని ఉంది. మంచినీళ్ల గ్లాసు ముందర పెట్టుకుని తాగకుండా చూస్తోంది.

"గట్టెక్కావమ్మా" అన్నాను.

"ఆ సాలూరు గుంట మాటాడింది నిజం సార్. నాను అడిగింది కూడా నిజమే. రెండో నిజంతో మొదటి దాన్ని కొట్టీసినాను."

"నువ్వు అడగకపోతే ఎవరో ఒకరు అడిగేవారు."

"ఎవులో అడిగితే అడిగినారు. ఆ గుంట నా కాడ మూడేళ్లు సదివింది. దిగిపోతూ నన్ను సూసి, ఎందుకడిగినారు మేడమ్ అంది. సమాధానం సెప్పలేకపోనాను. మా యమ్మ మందులకని సెప్పమంతారా?"

టైమ్‌టేబుల్ వైపు చూశాను. ఇబ్బంది వచ్చినప్పుడు మా స్టాఫ్ రూంలో అందరం అటే చూస్తాం.

ఆ జూన్లో ఆవిడ రెన్యువల్ అందరికంటే ముందు వచ్చింది. రెండో గెస్టుకు రాలేదు. అధ్యక్షుడు గారు సంతకం పెడుతూ, "మంచి ప్రశ్నడిగింది ఆయమ్మ, గుర్తుంచుకున్నాను" అన్నారని ప్రిన్సిపాల్ చెప్పారు. మెచ్చుకోలు అనుకున్నాం. ఆయన నిజంగానే గుర్తుంచుకున్నారని అప్పట్లో మాకు తోచలేదు.

నేను రిటైరయ్యాను. అధ్యక్షుడు గారికి మళ్లీ పదవి వచ్చింది, కాస్త పెద్దదే. అప్పుడు ఒక మాట మొదలైంది: మన వైపు ఒక పీజీ సెంటరు పెట్టాలి, పిల్లలు ఎమ్మే చదవడానికి విశాఖలో గదులు అద్దెకు తీసుకోలేకపోతున్నారు అని. సెంటరు వస్తే పర్మనెంటు పోస్టులు వస్తాయి. గెస్ట్ లెక్చరర్‌కి అన్ని అర్హతలూ ఉన్నాయి. వయసు ఒక్కటే దాటిపోతోంది. ఇంకో ఏడాది ఆలస్యమైతే ఆవిడకు దరఖాస్తు పెట్టడానికి కూడా వీలుండదు. పరుగెత్తి నాలుగు కాలేజీల వాళ్లనూ కలిపింది ఆవిడే. సాలూరు ఆయన, శృంగవరపుకోట ఆయన, శ్రీకాకుళం ఆయన, మేము. పెద్దరికానికని నన్ను కూడా తీసుకెళ్లారు. కారులో అందరిదీ ఒకటే మాట. అందరూ ఒకే హోటల్లో, ఒకే రకం టిఫిను కూడా తిన్నారు. ఆ ఐకమత్యం చూస్తే నాకు భయం వేయాల్సింది, వేయలేదు.

అధ్యక్షుడు గారు సముద్రం ఎదురింట్లోనే మమ్మల్ని కలిశారు. గాలి బాగా వస్తోంది. విన్నపమంతా ఓపిగ్గా విన్నారు. తల ఊపారు.

"మంచి పని. పెడదాం. నేనే మాట్లాడతాను." ఆవిడ వైపు తిరిగి, చిరునవ్వుతో, చాలా మర్యాదగా అడిగారు. "మేడమ్, ఎక్కడ పెడదామంతారు?"

ఆవిడకు అర్థమైపోయింది. నాకంటే ముందు.

"ఎక్కడైనా పర్లేదండి. ముందు పెట్టండి."

"అదేటి మేడమ్, ఎక్కడైనా అంతారు?" అన్నాడు శృంగవరపుకోట ఆయన. "సాలూరులో పెడితే మా పిల్లలెలాగొస్తారు?"

"ఏం, సాలూరంటే అడివేటి?" అన్నాడు సాలూరు ఆయన. "లారీలొచ్చే రోడ్డు మీద మీ పిల్లలు రాలేరేటి?"

"మేవు లెక్కలోకే లేవేటి బావా?" అన్నాడు శ్రీకాకుళం ఆయన. "ఎప్పుడు సూడు విజయనగరం జిల్లాయేనా?"

"అయ్యా, మీకు దండం పెడతాను, ఊరు తరవాత" అంది ఆవిడ. లేచి నిలబడి మరీ అంది. "ఒక్క నిమిషం ఊరుకోండి. ఊరు తరవాత."

"మీకేటి మేడమ్, మీకు పోస్టు కావాలి. ఊరెక్కడైతేనేటి" అన్నాడు శృంగవరపుకోట ఆయన. ఆ మాటతో ఆవిడ కూర్చుంది.

అధ్యక్షుడు గారు సోఫాలో వెనక్కి వాలి, పీయే వైపు చూసి, అందరికీ టీ అని సైగ చేశారు. "మీరందరూ ముందు ఒక మాట మీదకి రండి. నాదేమున్నాది, నేనెప్పుడూ సిద్ధమే."

టీ బాగుంది. తిరుగు ప్రయాణంలో సాలూరు ఆయన మా కారు ఎక్కలేదు, బస్సుకు వెళ్లాడు. ఆ ఏడాది గడిచింది, దాంతో ఆవిడ వయసు కూడా దాటిపోయింది. సెంటరు ఇప్పటికీ పరిశీలనలో ఉంది. ఆవిడ ఇప్పటికీ గెస్టే.

ఆ రోజు గేటు బయట, కారు వచ్చేదాకా నిలబడ్డాం. మిగతావాళ్లు కొంచెం దూరంలో ఇంకా వాదించుకుంటున్నారు. ఏదో ఒకటి అనాలి కదా అని, "దిగులు పడకమ్మా, మళ్లీ ప్రయత్నిద్దాం" అన్నాను.

ఆవిడ ఆ ఇంటి మేడ వైపు చూస్తూ అంది: "ఇన్నేళ్లు, ఇంతమందికి పాఠం సెప్పినాను సార్. ఎక్కింది ఆయనొక్కడికే."